సొమ్ము దొరికింది, పిల్లవాడు దొరకలేదు

జక్కయ్య కథ తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. సండేస్కూల్లో అడుగుపెట్టిన పిల్లలకు మొదట నేర్పే కథల్లో అదొకటి. పొట్టివాడు, మేడిచెట్టెక్కినవాడు, ప్రభువు పేరుపెట్టి పిలవగానే గబగబా దిగివచ్చినవాడు. ఇంతవరకు అభినయం చేసి మరీ చెబుతాం. కాని ఆ కథలో ప్రసంగీకులమైన మేము కూడా తరచు దాటేసే ఒక లెక్క ఉంది. తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే దానికి నాలుగింతలు తిరిగి చెల్లిస్తానని జక్కయ్య నిలబడి చెప్పాడు (లూకా 19:8). ఆ రోజు అతను ఏడ్చాడని లూకా రాయలేదు, లెక్క చెప్పాడని రాశాడు. ఆ లెక్క విన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందని, అతడూ అబ్రాహాము సంతానమేనని ప్రభువు ప్రకటించాడు. పోగొట్టుకున్నవాళ్లకు సొమ్ము, దోచుకున్నవాడికి తన ఊళ్లో మళ్లీ ఒక చోటు, రెండూ ఒకే రోజున, ఒకే ఇంట్లో దొరికాయి. ఈ రెండింటిలో ఒకటి చాలనుకుని రెండోదాన్ని పోగొట్టుకున్న సంఘం కథ ఈ వారం చెప్పాలనుకుంటున్నాం. అది మరెవరి కథో కాదు, మాదే.

విజయవాడ హైవే మీద హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటి వెళ్తే బాటసింగారం వస్తుంది. 2021-22లో కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఇక్కడి లాజిస్టిక్ పార్కుకు తరలించాక ఈ ఊరి పొద్దు మారిపోయింది. మామిడి సీజన్ వచ్చిందంటే తెల్లవారకముందే డీసీఎంలు, ట్రాలీ ఆటోలు బారులు తీరుతాయి. కమీషన్ ఏజెంట్లు, హమాలీలు, కాయలు ఏరే ఆడవాళ్లు, వాళ్ల వెంట వచ్చి క్రేట్లు మోసే పిల్లలు. మార్కెట్‌తో పాటు వచ్చి అద్దె గదుల్లో చేరిన కుటుంబాల్లో కొన్ని మా మందిరానికి రావడం మొదలుపెట్టాయి. అలా వచ్చినవాడే ఆ అబ్బాయి. పదహారేళ్లుంటాయి. తండ్రి లేడు, తల్లి మార్కెట్‌లో కాయలు ఏరుతుంది. ఆదివారం అందరికంటే ముందు వచ్చి స్పీకర్లు మోసేది, వైర్లు కలిపేది, మైకు గరగరలాడితే పరుగెత్తేది వాడే.

ఒక సోమవారం ఉదయం చూస్తే మందిరం తాళం విరిగి ఉంది. యాంప్లిఫయర్ లేదు, రెండు మైకులు లేవు, కానుక పెట్టె ఖాళీ. ఎదురుగా ఉన్న దుకాణం సీసీ కెమెరాలో ఆ అబ్బాయి కనిపించాడు. ఆ వీడియోను మా యౌవనస్తుల్లో ఒకరు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి కాలనీ గ్రూపుల్లోకి కూడా వెళ్లింది. కమిటీ కూర్చుంది, ఫిర్యాదు ఇచ్చింది. యాంప్లిఫయర్ ఒక సెకండ్ హ్యాండ్ షాపులో దొరికింది. పద్దెనిమిది వేలు పెట్టి కొన్న వస్తువును వాడు పదిహేను వందలకు అమ్ముకున్నాడు. పిల్లవాడిని బోర్డు ముందు హాజరుపరిచారు, కొద్దిరోజులకు తల్లికి అప్పగించారు. తర్వాతి ఆదివారం ఆరాధనలో, పోయిన సొమ్మును తిరిగి ఇచ్చిన దేవునికి మేము స్తుతులు చెల్లించాము. ఆ యాంప్లిఫయర్‌లోంచే చెల్లించాము. వాడి తల్లి వెనక చాప మీద కూర్చుని వింటూనే ఉంది. మరుసటి వారం ఆమె రాలేదు. వెళ్లి చూస్తే గది ఖాళీ చేసి ఉంది. ఎక్కడికి వెళ్లారో ఇంటి యజమానికీ తెలియదు.

చట్టప్రకారం మేము తప్పు చేయలేదని కమిటీలో అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం. కొన్ని వారాల తర్వాత, వితంతు పింఛను డబ్బులోంచి నెలనెలా కొంత ఆ యాంప్లిఫయర్ కోసం ఇచ్చిన ఒక ముసలమ్మ మాతో ఒక మాట అంది. "ఒక్కసారి వాణ్ని నా ముంగట కూసోబెట్టి ఉంటే మంచిగుండు అయ్యగారూ. తిడుతుంటి, ఏడుస్తుంటి, ఆనెంక ఇంత బువ్వ పెడుతుంటి." ముప్పై ఏళ్ల సేవలో ఎన్నో వ్యాఖ్యాన గ్రంథాలు చదివాము. బాగుచేసే న్యాయం గురించి ఇంత సూటిగా చెప్పిన మాట వాటిలో మాకు దొరకలేదు. ఆ పని ఎందుకు చేశావని వాడిని అడిగినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. నష్టం ఆమెది, తప్పు వాడిది. వాళ్లిద్దరినీ తప్పించి మిగతా అందరం మాట్లాడుకున్నాం.

ధర్మశాస్త్రంలో జైలు లేదు

దొంగతనం విషయంలో మోషే ధర్మశాస్త్రం చాలా కఠినమని మనలో చాలామంది అనుకుంటారు. నిర్గమకాండము 22వ అధ్యాయం తెరిచి చూడండి. ఎద్దును దొంగిలించి అమ్మినా చంపినా అయిదు ఎడ్లు ఇవ్వాలి, గొర్రెకు నాలుగు గొర్రెలు ఇవ్వాలి. దొంగిలించింది ప్రాణంతో వాడి దగ్గరే దొరికితే రెండింతలు. చెల్లించే స్తోమత లేకపోతే పనిచేసి తీర్చాలి. దొంగకు చెరసాల శిక్ష అన్నమాటే అందులో లేదు. ప్రాచీన ఇరుగుపొరుగు దేశాల చట్టాలతో పోల్చి చూస్తే ఈ తేడా విలువ తెలుస్తుంది. బబులోను రాజు హమ్మురాబి శాసనంలో గుడి సొమ్మో రాజు సొమ్మో దొంగిలిస్తే ముప్పై రెట్లు చెల్లించాలి, చెల్లించలేకపోతే మరణమే. ఇశ్రాయేలులో ఆస్తికి ఆస్తే బదులు, ప్రాణం కాదు.

ఇంకొక సంగతి అదే అధ్యాయం రెండు, మూడు వచనాల్లో ఉంది. రాత్రి కన్నం వేస్తూ దొరికిన దొంగ దెబ్బలకు చస్తే కొట్టినవాడిపై రక్తాపరాధం లేదు. కాని సూర్యుడు ఉదయించాక వాడిని చంపితే ఆ రక్తాపరాధం కొట్టినవాడిదే. అంటే, దొంగ ముఖం కనబడే వెలుతురు వచ్చాక వాడి ప్రాణానికి కూడా దేవుడు కంచె వేశాడు. మన వీధుల్లో సెల్‌ఫోన్ లాక్కుని దొరికిన కుర్రవాడిని కరెంటు స్తంభానికి కట్టేసి, వచ్చేపోయేవాళ్లంతా చేయి చేసుకునే దృశ్యం పట్టపగలే కదా జరిగేది! ఆ గుంపులో చేతిసంచిలో బైబిలు ఉన్నవాళ్లు లేరని చెప్పగలమా?

'తిరిగి చెల్లించాలి' అనడానికి ఈ అధ్యాయంలో వాడిన హెబ్రీ మాటకు, మనందరికీ తెలిసిన 'షాలోమ్' అన్న మాటకు మూలం ఒకటే. తిరిగి చెల్లించడం అంటే విరిగినదాన్ని మళ్లీ సంపూర్ణం చేయడం. అలాగే ఎవరైనా తప్పిదంలో చిక్కుకుంటే సాత్వికంతో అతణ్ని దారికి తేవాలని పౌలు రాసినచోట (గలతీ 6:1) వాడిన గ్రీకు మాట, యాకోబు, యోహానులు తమ వలలు బాగుచేసుకుంటున్నారని చెప్పేచోట (మత్తయి 4:21) కూడా ఉంది. చిరిగిన వలను ఏ జాలరీ ఒడ్డున పారేసి వెళ్లడు. చిరుగును చూడనట్టు నటించి సముద్రంలోకి కూడా వెళ్లడు. కూర్చుని ముడి ముడిగా కుడతాడు. అది ఓపిక కావలసిన పని.

లేవీయకాండము 6వ అధ్యాయంలోని వరుస కూడా గమనించాలి. పరుల సొమ్ము అపహరించినవాడు ముందు అసలు, దానిపై అయిదో వంతు కలిపి సొంతదారునికి ఇవ్వాలి. ఆ తర్వాతే అపరాధ పరిహారార్థ బలి. సహోదరునితో సమాధానపడకుండా బలిపీఠం దగ్గరికి రావద్దని ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పింది ఇదే వరుస. మన సంఘాల్లో ఈ వరుస తారుమారయ్యిందేమో ఆలోచించండి. ఒకప్పుడు దొంగగా, రౌడీగా బతికి మారుమనస్సు పొందినవారి సాక్ష్యాలంటే మన కూటాల్లో ఎంతో ఆదరణ ఉంది. పోస్టర్ల మీద ఫొటో వేస్తాం, వేదిక మీద కుర్చీ వేస్తాం. దేవుడు తనను ఎలా క్షమించాడో ఆయన కన్నీళ్లతో చెబుతాడు, అందరం హల్లెలూయ అంటాం. మీరు దోచుకున్న ఇంటివాళ్లకు ఏమైనా తిరిగి ఇచ్చారా అని మాత్రం ఎవరం అడగం. మాజీ దొంగకు మన దగ్గర వేదిక ఉంది. ఇంకా దొంగగానే ఉన్న పదహారేళ్లవాడికి బల్ల మీద చోటు లేదు. దోపిడీకి గురైన మనిషికైతే ఈ సాక్ష్యంలో పేరు కూడా లేదు!

స్టూవర్టుపురం చెప్పే పాఠం

తెలుగు క్రైస్తవులం ఈ విషయం మాట్లాడుకుంటే స్టూవర్టుపురాన్ని తలచుకోకుండా ఉండలేం. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్రవేసే చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం కింద ఎరుకలవారిని ఒకచోట ఉంచడానికి బాపట్ల దగ్గర వెలిసిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణ రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. నెల్లూరు జిల్లా కావలిలో ఇలాంటి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపింది. మిషనరీలు అక్కడ బడులు పెట్టారు, వైద్యం చేశారు, భూమి, పని చూపించారు. వాళ్ల ప్రేమను మేము తక్కువ చేయము. కాని ఆ ప్రేమ పోలీసు హాజరుపట్టీ నీడలో పనిచేసింది. నేరం చేసినవాడినీ చేయనివాడినీ, ముసలివాడినీ పసివాడినీ ఒకే కంచెలో పెట్టిన చట్టాన్ని సంఘం ప్రశ్నించకుండా అమలు చేసింది. ఎవరికి ఏ నష్టం జరిగింది, ఎవరు చేశారు అని అడగకుండా, 'వీళ్లు ఇలాంటివాళ్లు' అని ముందే తేల్చేసిన చోట న్యాయం ఉండదు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం మనుషుల నోళ్లలో మిగిలింది.

ఆ ముద్రను చెరపడానికి 1970లలో ఆ ఊరికి నడిచి వెళ్లినవారిలో ముఖ్యులు విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం దంపతులు. వాళ్లు స్టూవర్టుపురంలో ఇళ్లల్లో తిరిగి, దొంగతనాలు మానమని నచ్చజెప్పి, మానినవారికి బతుకుతెరువు చూపడానికి 'సంస్కార్' సంస్థ ద్వారా ఏళ్ల తరబడి పనిచేశారు. హేమలత ఎవరో కాదు, 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న గుర్రం జాషువా కుమార్తె. క్రీస్తు చరిత్ర రాసిన కవి ఇంటి ఆడపడుచు, దేవుడు లేడనే ఇంటి కోడలై, క్రీస్తు చేయమన్న పనిని క్రీస్తు సంఘం నడిపిన ఊళ్లోనే చేసింది. యెరికో దారిలో గాయపడినవాడి దగ్గర ఆగింది సమరయుడని గదా ప్రభువు చెప్పాడు! ఈ ఉదంతం మనల్ని నొప్పించాలి. నొప్పించకపోతే ఆ ఉపమానం మనకు అర్థం కాలేదన్నమాట.

ఇటువంటి న్యాయాన్ని ఈ రోజుల్లో రెస్టోరేటివ్ జస్టిస్ అంటున్నారు. ఆధునిక కోర్టుల్లోకి అది ప్రవేశించిన తొలి ఘటనల్లో ఒకటి కెనడాలోని ఎల్‌మైరా అనే చిన్న పట్నంలో జరిగింది. 1974 మే నెలలో ఇద్దరు కుర్రాళ్లు తాగి, ఒకే రాత్రి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. వాళ్లను నష్టపోయినవారి ఇళ్లకు తీసుకువెళ్లి ముఖాముఖి మాట్లాడిస్తే ఎలా ఉంటుందని మెనోనైటు క్రైస్తవుడైన ఒక ప్రొబేషన్ అధికారి ప్రతిపాదించాడు. న్యాయమూర్తి ఒప్పుకున్నాడు. ఆ ఇద్దరూ తలుపు తలుపూ తట్టారు, తిట్లు తిన్నారు, ఎవరికి ఎంత నష్టమైందో విన్నారు, కొన్ని నెలల్లో తమ వాటా చెల్లించారు. మెనోనైటులంటే మనకు పరాయివాళ్లు కారు. 19వ శతాబ్దం చివరలో నల్లగొండ, హైదరాబాదు ప్రాంతాలకు సువార్త తెచ్చినవారిలో మెనోనైట్ బ్రెదరెన్ మిషనరీలున్నారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఇప్పటికీ ఆ సంఘాలు బలంగా ఉన్నాయి. న్యూజిలాండ్ 1989లో చట్టం చేసి, తప్పు చేసిన బాలుడి కుటుంబాన్ని, నష్టపోయినవారిని ఒకచోట కూర్చోబెట్టే పద్ధతిని బాల న్యాయ విధానంలోనే భాగం చేసింది. అక్కడి మావోరీ ప్రజల సంప్రదాయం దానికి ఊపిరి.

మన చట్టం ఏమంటోంది?

ఇదంతా విదేశాల్లో కుదురుతుంది, ఇక్కడ కుదరదు అనేవారికి మన దేశ చట్టం ఏం చెబుతోందో తెలియాలి. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లవాడిని లాకప్‌లో గాని, జైల్లో గాని పెట్టకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకువెళ్లాలి. బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. తప్పు చేసినట్టు తేలినా మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు, మంచి నడవడి షరతు మీద తల్లిదండ్రులకో, తగిన వ్యక్తికో, తగిన సంస్థకో అప్పగించవచ్చు. ప్రత్యేక గృహానికి పంపడం కూడా ఉంది, అది మూడేళ్లకు మించకూడదు. వాడిని నేరస్తుడు, ఖైదీ వంటి మాటలతో పిలవకూడదని, వాడికి కొత్త బతుకు మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలని కూడా ఆ చట్టం తన మూలసూత్రాల్లో రాసుకుంది.

ఆ చట్టంలోని 74వ సెక్షన్ చదివినప్పుడు మేము సిగ్గుపడ్డాము. అలాంటి బాలుడిని గుర్తుపట్టే వివరాలు, ఫొటో ఏ సమాచార సాధనంలోనూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మా వాట్సాప్ గ్రూపులో తిరిగిన వీడియో సంగతేమిటి? దొంగను పట్టుకున్నామనుకున్న మేము, పట్టుకునే పద్ధతిలోనే తప్పు చేశాం.

పద్దెనిమిది దాటినవారికి కూడా దారులున్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లలోపువారిని ఇలాంటి నేరాలకు జైలుకు పంపే ముందు కోర్టు వేరే మార్గం ఎందుకు కుదరదో కారణాలు రాయాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 303వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దొంగిలించిన సొమ్ము విలువ అయిదు వేల రూపాయలలోపు ఉండి, మొదటిసారి శిక్షపడినవాడై, ఆ సొమ్మునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే అతనికి పడే శిక్ష సమాజసేవ. తిరిగి ఇవ్వడం, పనిచేసి తీర్చడం! నిర్గమకాండము ఎరిగినవారికి ఇది కొత్త మాటగా వినిపించదు.

దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలో, సైదాబాద్‌లో బాలుర అబ్జర్వేషన్ హోమ్ ఉంది. ఎల్.బి.నగర్‌లో జిల్లా కోర్టులున్నాయి. ఈ రెండింటి చుట్టూ ఎన్ని మందిరాలున్నాయో లెక్కపెట్టడం కష్టం. క్రిస్మస్‌కు కేకులు పంచడానికి కాక, మామూలు మంగళవారం నాడు ఒక పిల్లవాడి పక్కన నిలబడటానికి ఆ గేటు దాకా వెళ్లినవాళ్లం మనలో ఎంతమందిమి?

నష్టపోయినవాడి గోడు

ఈ మాటలు చెబితే వెంటనే వచ్చే ప్రశ్న మాకు తెలుసు. అప్పు చేసి కొన్న బైకు పోయినవాడికి, ఆటో కిస్తీ డబ్బు జేబులోంచి పోయినవాడికి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటూ ల్యాప్‌టాప్ పోగొట్టుకున్న రైతుబిడ్డకు 'క్షమించు నాయనా' అని చెప్పడం సులువా? చోరీలకు ఎక్కువగా నలిగేది బీదవాళ్లే. వాళ్ల నష్టాన్ని కప్పిపెట్టి దొంగను కౌగిలించుకోమనడం క్రైస్తవ ప్రేమ కాదు, అది చవకబారు కృప. బాగుచేసే న్యాయం నష్టపోయినవాడి దగ్గర మొదలవ్వాలి. ఏం పోయింది, ఎన్ని రాత్రులు నిద్ర పట్టలేదు, తనకు ఏం కావాలి అని ముందు అతన్ని అడగాలి. అతను ఇష్టపడకపోతే కలపకూడదు. క్షమించమని ఒత్తిడి చేయకూడదు. తప్పు చేసినవాడికి కూడా ఇది తేలిక శిక్ష కాదు. నాలుగు గోడల మధ్య కూర్చున్నవాడు ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. వితంతువు ముందు కూర్చున్నవాడు ఆమె కళ్లలోకి చూడాలి.

రెండో ప్రశ్న ఇంకా బలమైనది. ఇది మన ఊళ్లలో కులపెద్దలు చేసే పంచాయితీ లాంటిదేగా? కాదు, కాకూడదు. పెద్దమనుషులు తప్పు వేసి, చెంపలు వాయించి, ఊరి నుంచి వెలివేసే తీర్పుల్లో బలవంతుడిదే గెలుపు. పాస్టరుగారు, సంఘపెద్దలు న్యాయాధిపతుల్లా కూర్చుంటే అదే జరుగుతుంది. ఈ పని చట్టాన్ని దాటి కాదు, బోర్డు, కోర్టు అనుమతితో, వాటి కళ్ల ముందు జరగాలి. పిల్లవాడి తరఫున మాట్లాడే పెద్దదిక్కు పక్కన ఉండాలి. రెండు వైపులా ఇష్టపూర్వకంగా రావాలి. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు, హింస జరిగిన కేసులను 'రాజీ' పేరుతో మూసేయడానికి దీన్ని వాడటం ఘోర పాపం. మేము మాట్లాడుతున్నది ఆస్తికి సంబంధించిన తప్పుల గురించి, దారి తప్పిన చిన్నవాళ్ల గురించి.

మరి మళ్లీ మళ్లీ అదే చేసేవాడి సంగతేమిటి? కొందరి విషయంలో ఈ దారి కూడా ఫలించదు. పన్నెండుమందిలో ఒకడు డబ్బు సంచి దగ్గర ఉండి దొంగిలిస్తూనే ఉన్నాడని యోహాను రాశాడు (12:6). మూడేళ్లు ప్రభువుతో ఒకే పంక్తిలో తిన్నా మారనివాడు ఉన్నాడు. అయినా ప్రభువు ఆఖరి రాత్రి వరకు అతన్ని పంక్తిలోంచి లేపలేదు. ఫలితం ఖాయమైతేనే చేస్తామనేది వ్యాపారం, సేవ కాదు.

నా లెక్కలో వేయండి

ఫిలేమోనుకు రాసిన పత్రిక చిన్నది, ఒకే అధ్యాయం. ఒనేసిము యజమాని దగ్గరి నుంచి పారిపోయాడు, ఏదో నష్టం కూడా చేసి ఉంటాడని పౌలు మాటలను బట్టి తెలుస్తోంది. పౌలు ఆ నష్టాన్ని దాచలేదు, చిన్నదని అనలేదు, ఫిలేమోను పెద్దమనసు చేసుకుని మాఫీ చేయాలని ఆజ్ఞాపించలేదు. అతను అచ్చి ఉన్నదేమైనా ఉంటే తన లెక్కలో వేయమని, తానే తీరుస్తానని సొంత చేతివ్రాతతో రాశాడు (18, 19 వచనాలు). నష్టపోయినవాడికీ, నష్టపరిచినవాడికీ మధ్య నిలబడటమంటే ఇదీ. సిలువ కూడా ఇదే కదా!

ఈ పత్రికను చదివే ప్రతి సంఘం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. మా సంఘంలో ఆలస్యంగానైనా మొదలుపెట్టినవి ఇవే. మందిరం పరిధిలో ఏ పిల్లవాడు దొంగతనంలో దొరికినా వాడి పేరు, ఫొటో, వీడియో గ్రూపుల్లో పెట్టకూడదని, వేదిక మీద ప్రస్తావించకూడదని తీర్మానం చేశాం. వాడి ఇంటికి, నష్టపోయినవారి ఇంటికి, రెండు ఇళ్లకూ వెళ్లడానికి ఇద్దరు పెద్దలను, అందులో ఒక స్త్రీని, నియమించాం. కానుకల్లోంచి కొంత పక్కన పెట్టాం. నష్టపోయినవాడికి వెంటనే చెల్లించి, పిల్లవాడి చేత పనిచేయించి నెలనెలా కొద్దికొద్దిగా తిరిగి తీసుకోవడానికి. అది దానం కాదు, పౌలు రాసిన లెక్క. దొంగిలించేవాడు ఇకమీదట దొంగిలించకుండా చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవారికి పంచేంతగా సంపాదించాలన్నది ఎఫెసీ సంఘానికి ఇచ్చిన హెచ్చరిక (4:28). దొంగతనం మానడంతో ఆగలేదు ఆ వచనం, ఇచ్చేవాడు కావడం దాకా వెళ్లింది. మార్కెట్‌లో, వర్క్‌షాపుల్లో, దుకాణాల్లో పనులిచ్చే విశ్వాసులు మనలో ఉన్నారు. పద్దెనిమిది నిండినవాడికి పని, నిండనివాడికి బడి, ఐటీఐ, ఏదో ఒక చేతివిద్య చూపించడం వారికి భారమైన పని కాదు. చదువుకున్నవారు, రిటైరైన టీచర్లు, లాయర్లు ముందుకు వస్తే, బోర్డు పిల్లవాడిని అప్పగించడానికి వెతికే 'తగిన వ్యక్తి' మన బల్లల మీదే ఉన్నాడు.

ఇవన్నీ చేసినా ఆ అబ్బాయి ఎక్కడున్నాడో మాకు ఇంకా తెలియలేదు. మార్కెట్‌లో అడిగాము. పాత మార్కెట్ ఉన్న కొత్తపేట వైపు వెళ్లి వాడి తల్లితో పనిచేసిన ఆడవాళ్లను అడిగాము. ఒకరు నల్లగొండ వైపు వెళ్లారన్నారు, ఒకరు తెలియదన్నారు. తప్పిపోయిన గొర్రెను వెదకడానికి తొంభైతొమ్మిదింటిని విడిచి వెళ్లిన కాపరి గురించి ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. మా గొర్రె తప్పిపోయింది కాదు, మేమే తోలేశాం. దాన్ని వెదకడం ఇంకెంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారం ఉదయం యాంప్లిఫయర్ ఆన్ చేసినప్పుడు ఒక క్షణం గరగరమంటుంది. వైర్లు సరిచేయడానికి ఇప్పుడు వేరే అబ్బాయి పరుగెత్తుతాడు. ఆ శబ్దం వినగానే మా ముసలమ్మ తలుపువైపు చూస్తుంది. మీ సంఘంలో ఈ ఆదివారం వెనక చాప మీద ఎవరైనా తల్లి తలవంచుకుని కూర్చుని ఉంటే, స్తుతి పాటలు అయిపోయే దాకా ఆగకండి. వెళ్లి ఆమె పక్కన కూర్చోండి.